ఉమ్ గాయిబ్ పార్సిల్

చాసిబ్ పడవ నది మధ్యకు వచ్చిందంటే, ఒడ్డున చేపలు శుభ్రం చేసుకునే ఆడవాళ్ళు ముందే నవ్వడం మొదలుపెట్టేవారు. ఇంకాసేపట్లో అతను అరుస్తాడని వాళ్ళకు తెలుసు. అరిచేవాడు. "రస్మియా..." అని, ఆఖరి అక్షరం సాగదీసి, ఇంజను చప్పుడు కూడా వినపడనంత గట్టిగా. వచ్చేస్తున్నాను, చాయ్ పెట్టు అని దానర్థం. బస్రాలో పడవవాళ్ళకూ కొదవ లేదు, పెద్ద గొంతులకూ కొదవ లేదు. కానీ నలుగురూ వినేలా పెళ్ళాన్ని పేరు పెట్టి పిలిచే మగాడు నదికి ఆ ఒడ్డునా ఈ ఒడ్డునా అతనొక్కడే.

అక్కడ అది మర్యాద కాదు మరి. పెళ్ళయి బిడ్డ పుట్టిన ఆడదానికి ఇక సొంత పేరుతో పని లేదు. సర్మద్‌ని కంటే ఉమ్ సర్మద్, అంటే సర్మద్ తల్లి. కొడుకు లేకపోతే కూతురి పేరు. ఇద్దరూ లేకపోతే వదిలేస్తారా అంటే, వదలరు. ఉమ్ గాయిబ్ అంటారు. గాయిబ్ అంటే ఇక్కడ లేనివాడు. ఇంకా రాని బిడ్డకు తల్లి అన్నమాట. మనసు నొప్పించాలని కాదు, ఆశ పోకూడదని మంచికే అంటారు. చిక్కేమిటంటే, జుట్టు నెరిసి, ఆశలన్నీ ఆరిపోయాక కూడా అంటూనే ఉంటారు.

ఊరంతటికీ రస్మియా ఉమ్ గాయిబ్, చాసిబ్ అబూ గాయిబ్, అంటే గాయిబ్ తండ్రి. అతనికి ఆ పిలుపు గిట్టేది కాదు.

"వచ్చినప్పుడు చూద్దాంలే వాడి సంగతి. రానివాడి పేరు మనమెందుకు మొయ్యాలి? నీకు పేరు లేదా ఏంటి?" అనేవాడు.

"ఉంది. ఊరంతా వినేట్టు అరవాలా? సిగ్గుతో చచ్చిపోతున్నా అక్కడ" అని ఆమె గ్లాసు ఠక్కున ముందు పెట్టేది.

"ఊరు వినాలనే కదే అరిచేది."

ముఖం ముడుచుకునేది గానీ, మర్నాడు మధ్యాహ్నం ఆ కేక కాస్త ఆలస్యమైతే చాలు, చేతిలో పని వదిలేసి గుమ్మంలోకి వచ్చేది. ఆ సంగతి అతనికీ తెలుసు.

అలాంటి గొంతును డాక్టర్లు కోసి తీసేశారు. లోపల పుండు లేచింది, స్వరపేటిక ఉంచితే మనిషి దక్కడన్నారు. సంతకం రాదు కాబట్టి చాసిబ్ వేలిముద్ర వేశాడు. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేసరికి మెడ కింది భాగంలో గాలి పీల్చుకోవడానికి ఒక రంధ్రం, దాని మీద ఒక గుడ్డ, నోట్లో నాలుక ఉండీ లేనట్టు. మంచినీళ్ళు కావాలంటే చెంచాతో చాయ్ గ్లాసు మీద కొట్టేవాడు. ఫ్యాన్ కావాలన్నా అదే, ఆకలేసినా అదే. రస్మియా ఆ చప్పుడులో తేడాలు పట్టడం నేర్చుకుంది. ఎంత నేర్చుకున్నా, గ్లాసు మీద చెంచా చప్పుడు పిలుపు కాదు కదా.

కొన్నాళ్ళకు ఆమెకు ఇంకో సంగతి తెలిసివచ్చింది. తనను రస్మియా అని పిలిచేవాళ్ళు ఇక ఈ భూమ్మీద లేరు. అమ్మా నాన్నా పోయారు, అక్క పోయింది. మిగిలిన ఒక్క నోరూ మూతబడింది. కొళాయి దగ్గరా, రొట్టెల కొట్లోనూ, పక్కింట్లోనూ అంతటా ఉమ్ గాయిబే. సిగ్గుపడి కసురుకున్న ఆ కేక కోసం ఆమె ప్రాణం కొట్టుకుపోయింది. ఎవరితో చెప్పుకుంటుంది? మొగుడు పేరు పెట్టి పిలవడం లేదని ఏడిస్తే నవ్విపోతారు.

గొంతు మిషను సంగతి తెలిసింది ఆసుపత్రిలోనే. గుడ్డ మార్పించుకోవడానికి వెళ్ళిన రోజున పక్క బల్ల మీద ఒక ముసలాయన, ఇతనిలాంటివాడే, చిన్న టార్చిలైటు లాంటి దాన్ని దవడ కింద ఆనించి మీట నొక్కాడు. రేకు డబ్బాలో తేనెటీగ తిరుగుతున్నట్టు ఒక మోత. ఆ మోతలోంచి మాట వచ్చింది. "చాయ్ తేరా, పంచదార ఎక్కువెయ్యి" అన్నాడు కొడుకుతో. వార్డంతా నవ్వింది, ముసలాయనా నవ్వాడు. చాసిబ్ నవ్వలేదు. రస్మియా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు, ఇంటికి చేరేదాకా వదల్లేదు.

బస్రా కొట్లలో అది దొరకలేదు. పక్కింటి ఉమ్ సర్మద్ ఫోన్లో వెతికి పట్టుకుంది. ఆమె బట్టలు కుడుతుంది, నోటికి తాళం ఉండదు, ఉల్లిపాయలు తప్ప అన్నీ ఫోన్లోనే కొంటుంది. మామూలుగా అక్కడ పార్సిల్ చేతికొచ్చాకే డబ్బిస్తారు. కానీ బగ్దాద్ కొట్టువాడు ఇది విదేశీ సరుకు, ముందు కట్టాల్సిందే అన్నాడు. రస్మియా చాసిబ్ వైపు చూసింది. చాసిబ్ కిటికీలోంచి నది వైపు చూసి తల ఊపాడు. పడవ ఇంజను అలా అమ్ముడుపోయింది.

"పేరు ఉమ్ గాయిబ్ అని కొడుతున్నా" అంది ఉమ్ సర్మద్.

"నా పేరు రాయకూడదా?"

"డెలివరీవాడు గల్లీలోకొచ్చి రస్మియా ఇల్లెక్కడంటే ఎవడు చూపిస్తాడే? ఉమ్ గాయిబ్ అంటే పిల్లి కూడా దారి చూపిస్తది. ఐసు ఫ్యాక్టరీ వెనక, నీలం ట్యాంకు పక్కిల్లు. అయిపోయింది, పెట్టేశా. ఇంక మీ ఆయన వాగుడు భరించడమే నీ పని."

ఎదురుచూసిన ఆ రోజులే ఆ ఇంట్లో ఆఖరి మంచి రోజులు. చాసిబ్ మంచం కింద నుంచి పాత టార్చిలైటు తీసి, దవడ కింద పెట్టుకుని, మీట నొక్కి, పెదవులు కదిపేవాడు. గోడ మీద వెలుగు పడేది, చప్పుడు వచ్చేది కాదు. కానీ పెదవులు ఏమంటున్నాయో రస్మియాకు తెలుసు. మొదట నోరు కాస్త తెరుచుకుని, తర్వాత పెదవులు రెండూ కలిసి, చివర్న పళ్ళు కనిపించేలా సాగేవి. తన పేరే.

"చాల్లే, బ్యాటరీ దండగ" అనేది. అతను ఇంకోసారి నొక్కేవాడు.

పార్సిల్ రాలేదు. దానికి బదులు ఉమ్ సర్మద్ ఫోనుకు ఒక సందేశం వచ్చింది. తీసుకోవలసిన వ్యక్తి లేరు, పార్సిల్ వెనక్కి పంపబడింది అని.

"లేకపోవడమేంటి?" అంది రస్మియా. "మంచంలో మనిషిని పెట్టుకుని నేనెక్కడికి పోతా?"

ఉమ్ సర్మద్ పార్సిల్ కంపెనీకి ఫోన్ కలిపి, చాసిబ్ కూడా వినాలని స్పీకర్లో పెట్టింది. అటువైపు కుర్రగొంతు. మర్యాదగానే ఉంది పాపం.

"పేరు చెప్పండి పిన్నీ."

"ఉమ్ గాయిబ్."

"అవును పిన్నీ, ఇక్కడా గాయిబ్ అనే ఉంది."

"అదే నాయనా, నేనే."

"అదే నేనూ అంటున్నా. గాయిబ్. మనిషి లేరు. అందుకే వెనక్కెళ్ళింది."

"నేనున్నాను కదయ్యా, మాట్లాడుతున్నాను కదా నీతో."

"ఇప్పుడున్నారు పిన్నీ. అప్పుడు లేరు."

ఉమ్ సర్మద్ ఫోన్ లాక్కుంది. "ఒరే అబ్బాయ్, మట్టిబుర్ర పెట్టుకుని ఉద్యోగానికెలా వచ్చావురా? గాయిబ్ అనేది ఆవిడ కొడుకు పేరు."

"ఆయనైనా ఇంట్లో లేరా అమ్మా?"

"అసలు లేడు."

"మరి అదే కదమ్మా."

ఉమ్ సర్మద్ ఫోన్ మళ్ళీ రస్మియా చేతిలో పెట్టేసింది. అవతలి కుర్రవాడు గొంతు సవరించుకుని, సరే, మీ రస్మీ పేరు చెప్పండి, ఫిర్యాదు రాసుకుంటాను అన్నాడు. రస్మీ అంటే సర్కారు కార్డు మీద ఉండేది.

"రస్మియా" అంది రస్మియా.

"అదే పిన్నీ, రస్మీదే. ఏంటది?"

"రస్మియా నాయనా."

"అవునవును, రస్మీది. చెప్పండి."

మంచం కిర్రుమంది. చాసిబ్ నవ్వుతున్నాడు. చప్పుడు లేని నవ్వు, ఒళ్ళంతా ఊగిపోతోంది, మెడ మీది గుడ్డ గాలికి లేచి పడుతోంది, కళ్ళ వెంట నీళ్ళు. అతన్ని చూసి రస్మియా, ఆమెను చూసి ఉమ్ సర్మద్, ముగ్గురూ నవ్వారు. ఫోన్లో కుర్రవాడు హలో హలో అంటూనే ఉన్నాడు. అంత బాగా నవ్వుకున్నది అదే ఆఖరు.

ఆ తర్వాత నడిచింది నవ్వే వ్యవహారం కాదు. పార్సిల్ కంపెనీ వాళ్ళేమో, గాయిబ్ అని మూసేసిన పార్సిల్‌ను మళ్ళీ పంపలేం, రిఫండ్ మాత్రమే ఇస్తామన్నారు. బగ్దాద్ కొట్టువాడేమో, సరుకు నా చేతికి తిరిగి రాలేదు, ఇంకోటి కావాలంటే ఇంకోసారి డబ్బు కట్టండన్నాడు. ఇంకోసారి కట్టడానికి ఇంకో ఇంజను లేదు. రిఫండ్ వస్తే దానితో మళ్ళీ తెప్పించుకోవచ్చని ఉమ్ సర్మద్ ఆశపెట్టింది. రిఫండ్ ఎప్పుడొస్తుందని అడిగితే విచారణలో ఉందన్నారు. ఎవర్ని విచారిస్తున్నారో ఆ దేవుడికే తెలియాలి. వీళ్ళింటికి మాత్రం ఎవరూ రాలేదు.

"నాకు డబ్బొద్దు నాయనా" అని రస్మియా ప్రతిసారీ చెప్పేది. "ఆ వస్తువు పంపండి. మా ఆయన మాట్లాడాలి."

"మీ బాధ అర్థమైంది పిన్నీ" అనేవారు అవతల. రోజుకో గొంతు, అందరిదీ ఒకటే మాట.

చాసిబ్ సన్నబడిపోయాడు. ముద్ద దిగడం మానేసింది. ఎండునిమ్మకాయ చాయ్ చెంచాతో పోస్తే అది మాత్రం గుటక వేసేవాడు. టార్చిలైటు దిండు పక్కనే ఉండేది. బ్యాటరీ అయిపోయినా దాన్ని దవడ కింద పెట్టుకునేవాడు, పెదవులు కదిపేవాడు. రస్మియా ఇప్పుడు దండగ అనేది కాదు. "ఊఁ" అని పలికేది. పిలిస్తే పలకాలి కదా.

కరెంటు పోయి, వీధి జనరేటరు ఇంకా అందుకోని ఒక మధ్యాహ్నం, ఆమె వంటింట్లో బియ్యం కడుగుతుండగా చెంచా చప్పుడు వినిపించింది. నీళ్ళకు కొట్టే చప్పుడు కాదు, ఆకలి చప్పుడు కాదు. ఆమెకు తెలియని చప్పుడు, మెల్లగా, ఎడం ఎడంగా. చేతులు తుడుచుకుని వచ్చేసరికి ఆగిపోయింది. చెంచా అతని చేతిలోనే ఉంది. ఆ చప్పుడుకి అర్థమేమిటో ఆమెకు ఈనాటికీ తెలియదు. ఆ ఒక్కటీ తెలిస్తే చాలుననిపిస్తుంది ఆమెకు.

గల్లీ మొదట్లో నల్లగుడ్డ కట్టారు. పడవల అబూ గాయిబ్ దేవుడి దగ్గరకు వెళ్ళాడని దాని మీద తెల్ల రంగుతో రాశారు. చాసిబ్ అన్న పేరేమో అడుగున చిన్న అక్షరాల్లో పడింది. ఆడవాళ్ళు వచ్చి చుట్టూ కూర్చుని, ఉమ్ గాయిబ్, దేవుడు నీకు ఓర్పునివ్వాలి అన్నారు. ఆమె తల ఊపింది. ఎవరితోనో అంటున్నారనిపించింది, తనకు మాత్రం ఏమీ అందలేదు.

రిఫండ్ మంజూరైందన్న సందేశం చావు భోజనాలు అయిపోయాక వచ్చింది. స్వయంగా కార్డు తీసుకుని అషార్ బజారులో కంపెనీ ఆఫీసుకు రావాలట. భర్త పోయిన ఆడది ఇద్దత్ అనే నాలుగు నెలల పది రోజుల గడువు తీరేదాకా గడప దాటదు, కాబట్టి ఆ డబ్బు అక్కడే పడి ఉంది. ఇద్దత్ ముగిసిన మర్నాడే ఉమ్ సర్మద్ వచ్చి కూర్చుంది.

"పద. లే."

"నాకెందుకే ఇప్పుడా డబ్బు?"

"నీకొద్దంటే నాకియ్యి. ఆ దొంగలకు మాత్రం వదలను. నీ మొగుడి ఇంజను అది."

ఆఫీసు కిటకిటలాడుతోంది. రాని చెప్పులు, రాని ఫోన్లు, రాని పెళ్ళిబట్టలు, ఒక్కొక్కరిది ఒక్కో గోడు. విచారణ బల్ల దగ్గర బట్టతలాయన రస్మియా కార్డు చూసి, కంప్యూటర్లో ఏదో కొట్టి, మొహం చిట్లించి లోపలికి వెళ్ళాడు. కాసేపటికి చేతిలో ఒక అట్టపెట్టెతో వచ్చాడు.

"ఇదేంటో నాకూ అర్థం కావట్లేదు అమ్మా. ఇది బగ్దాద్ పోనే లేదు. ఇక్కడే మా వెనక గదిలో, గాయిబ్‌ల అరలో ఉంది."

పెట్టె మీద చిరునామా, దాని మీద అడ్డంగా గోధుమరంగు టేపు. టేపు కింద పోయింది పోగా పైకి కనిపిస్తున్నది ఒక్కటే మాట, లావాటి అక్షరాల్లో, గాయిబ్. ఆయన గోటితో టేపు కొస పట్టుకుని లాగాడు. ముందర ఉమ్ అన్న మాట బయటపడింది. ఆయనకు నవ్వొచ్చింది.

"అరె, ఇది పేరా? మావాళ్ళు ఎవరో ముందే తిరిగి, మనిషి లేరని రాసిపెట్టారనుకున్నారు. అందుకే ఎవరూ ఫోన్ కూడా..." అని, రస్మియా నల్లబట్టలు చూసి నవ్వు ఆపేశాడు. "వస్తువు కావాలా అమ్మా, డబ్బు కావాలా? మీ ఇష్టం. వస్తువు చెడిపోలేదు."

అషార్ నుంచి ఐసు ఫ్యాక్టరీ గల్లీ ఎంత దూరం? కూరగాయలు మోసుకుంటూ ఆమె ఎన్నోసార్లు నడిచి వచ్చిన దూరం. చాసిబ్ ఉత్త టార్చిలైటు పట్టుకుని పెదవులు కదుపుతున్నన్ని రోజులూ అతని గొంతు ఇక్కడే, ఈ గోడ వెనక అరలో కూర్చుని ఉంది. రస్మియా బల్ల అంచు పట్టుకుంది. ఉమ్ సర్మద్ నోరు తెరిచింది, ఆ ఆఫీసు మొత్తాన్ని కడిగెయ్యడానికి. రస్మియా ఆమె చెయ్యి నొక్కింది.

"వద్దే. ఇంక అరిచి ఏం లాభం." పెట్టెను ఒకసారి అరచేత్తో నిమిరి, బల్ల మీద ఆయన వైపుకి జరిపింది. "ఇది నేనేం చేసుకోను నాయనా. దీనికో మెడ కావాలి. కావాల్సినవాళ్ళు ఎవరైనా అడిగితే త్వరగా పంపించు. డబ్బే ఇయ్యి."

"అక్కడ బెంచీ మీద కూర్చోండమ్మా. కిటికీలోంచి పిలుస్తారు."

కూర్చున్నారు. డబ్బిచ్చే కిటికీకి అద్దం ఉంది, అద్దం వెనక మనిషి మైకు ముందు పెట్టుకుని పేర్లు చదువుతున్నాడు. పాత మైకు. గోడ మీది స్పీకరు గరగరమంటోంది. ఎవరెవరో లేచి వెళ్తున్నారు, నోట్లు జేబులో పెట్టుకుని పోతున్నారు. ఉమ్ సర్మద్ ఉండబట్టలేక పక్కామెతో చెప్పుల గొడవలో దిగింది. రస్మియా ఒళ్ళో చేతులు పెట్టుకుని నేల చూస్తోంది.

"రస్మియా."

రేకు డబ్బాలో తేనెటీగ తిరుగుతున్నట్టు ఒక మోత, ఆ మోతలోంచి ఆ పేరు.

ఆమె తల ఎత్తింది.

"రస్మియా ముహైసిన్" అంది స్పీకరు తండ్రి పేరు కూడా కలిపి, ఆఖరి అక్షరాలు గరగరలో సాగిపోతూ.

రస్మియా కదల్లేదు. కళ్ళు మూసుకుంది. ముఖం మీదుగా నీళ్ళు గడ్డం దాకా జారుతున్నా తుడుచుకోలేదు. ఎండ, నది మీది గాలి, పొయ్యి మీద చాయ్ నీళ్ళు, గుమ్మంలో నిలబడ్డ పడుచు కాళ్ళు, అన్నీ ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. ఈసారి సిగ్గు లేదు. ఊరంతా వింటే విననీ అనుకుంది.

ఉమ్ సర్మద్ మోచేత్తో పొడిచింది. "ఏయ్, నిద్రపోయావా? నిన్నే పిలిచేది. వెళ్ళు, లేకపోతే మళ్ళీ లేదని రాసేస్తాడు వాడు."

"తెలుసే" అంది రస్మియా, కళ్ళు తెరవకుండానే. "ఉండు. ఇంకొక్కసారి పిలవనీ."